ఓపీ మానకుండా పరిశోధన: మనోవ్యాధుల మీద పనిచేస్తూ నేను నడిచిన దారి

మెదడు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్తలు మన దేశంలో ఉన్నారు. మానసిక రోగులకు వైద్యం చేసే డాక్టర్లూ ఉన్నారు. రెండు పనులూ చేసేవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఎందుకు తక్కువో ఆ దారిలో నడిచాక నాకు తెలిసింది. అలాంటివాళ్లు ఎంత అవసరమో కూడా అక్కడే తెలిసింది. ఈమధ్య కొందరు వైద్య విద్యార్థులు ఇందులోకి ఎలా రావాలని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు జరిగింది జరిగినట్టు ఒకచోట రాస్తున్నాను. రోగుల ప్రస్తావన వచ్చిన చోట ఊళ్లు, వయసులు, కుటుంబ వివరాలు మార్చాను.

ఎంబీబీఎస్ ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ప్రభుత్వ కళాశాలలో చదివాను. పీజీలో సైకియాట్రీ తీసుకుంటానంటే ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. "నీ ర్యాంకుకు జనరల్ మెడిసిన్ వస్తుంది కదమ్మా, పిచ్చి డాక్టరు అనిపించుకోవడం ఎందుకు?" అని పెద్దనాన్న బతిమాలారు. ఆయన మాటలో చెడ్డ ఉద్దేశం లేదు. మన దగ్గర ఎవరినైనా వెక్కిరించాలంటే ఒకవైపు విశాఖ ఆసుపత్రి పేరు, ఇంకోవైపు ఎర్రగడ్డ పేరు చెప్పడం తరతరాల అలవాటు. ఆ అలవాటు వల్లే రోగులు మా దగ్గరికి ఆలస్యంగా వస్తారు. డాక్టర్లు ఈ విభాగంలోకి అసలే రారు.

ఎండీ మూడేళ్లలో మొదట నేర్చుకున్నది వినడం. రోగి చెప్పేది, చెప్పకుండా దాచేది, ఇంట్లోవాళ్లు చెప్పేది మూడూ వేరువేరుగా ఉంటాయి. మందులు నేర్చుకోవడం అంత కష్టం కాదు. మందుల గురించి అడిగితే జవాబు చెప్పడమే కష్టం. ఆదోని వైపు నుంచి కొడుకును తీసుకొచ్చిన ఒకావిడ సైకోసిస్ (లేనివి వినిపించడం, లేని భయాలు నిజమనిపించడం) తగ్గడానికి ఇచ్చే రిస్పెరిడోన్ మాత్ర అరచేతిలో పెట్టుకుని, "ఇది లోపలికి పోయి ఏం చేస్తుందమ్మా?" అని అడిగింది. ఇరవై ఏళ్ల పిల్లవాడికి జీవితాంతం వేయాల్సి రావచ్చని మేము చెబుతున్న మందు గురించి ఆ తల్లి అడగడం న్యాయం. మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుందనీ, అది అంటుకునే చోటును ఈ మందు మూసిపెడుతుందనీ చెప్పాను. ఆవిడ తల ఊపింది. కానీ ఆ జవాబు నాకే చాలలేదు.

ఎందుకంటే మందు ఆ అంటుకునే చోట్లను, అంటే డోపమైన్ గ్రాహకాలను, పట్టుకోవడానికి గంటలు చాలు, రోగి తేరుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. ఈ మధ్యకాలంలో ఏం జరుగుతోంది? మందు మెదడులో ఎంతవరకు అంటుకుందో చూపించే పెట్ స్కాన్లతో చేసిన అధ్యయనాల్లో సుమారు 65 శాతం గ్రాహకాలు మూసుకుంటే మందు పనిచేయడం మొదలవుతుందనీ, 80 శాతం దగ్గరికి వస్తే చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకోవడం మొదలవుతాయనీ తేలింది. అయితే గ్రాహకాలు సరిగ్గా మూసుకున్నా నాలుగింట ఒకరికో, మూడింట ఒకరికో గుణం కనిపించదు. వాళ్లలో కొందరికి క్లోజపిన్ అనే ఇంకో మందు పనిచేస్తుంది. అది డోపమైన్ గ్రాహకాలను మిగతా మందులంత గట్టిగా పట్టుకోదు, అయినా పనిచేస్తుంది. అంటే మేము చెప్పే డోపమైన్ కథ సగమే.

ఆ సగం కథ ఎక్కడ మొదలైందో వెతుకుతూ వెళ్తే మన నేల మీదికే వచ్చాను. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ సర్పగంధ వేరు ఉన్మాదానికీ రక్తపోటుకూ పనిచేస్తుందని ప్రచురించారు. తర్వాత ఆ వేరు నుంచే రెసర్పిన్ తీశారు. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ దాన్ని కుందేళ్లకు ఇస్తే అవి కదలకుండా పడిపోయాయి. డోపమైన్‌గా మారే పదార్థం ఎక్కించగానే లేచి తిరిగాయి. డోపమైన్ దానంతట అదే మెదడులో ఒక సందేశవాహకమని 1950ల చివర్లో అలా బయటపడింది. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ కుందేళ్ల ప్రయోగానికి కొన్నేళ్ల ముందే, 1952లో, పారిస్‌లో జీన్ డిలే, పియర్ డెనికర్ క్లోర్‌ప్రోమజిన్ మందును మానసిక రోగులకు వాడి చూశారు. తొలి రోజుల్లో ప్రతి అడుగూ రోగినో జంతువునో దగ్గరగా గమనించినవాళ్ల వల్లే పడింది. ముందే తయారుగా ఉన్న సిద్ధాంతం వల్ల కాదు. ఈ సంగతి అప్పుడే నా మనసులో నాటుకుంది.

నన్ను పరిశోధన వైపు తిప్పింది ఇంకో రోగి. డిగ్రీ చదువుతున్న అమ్మాయి. రాత్రుళ్లు కేకలు, ఎవరో చంపడానికి వస్తున్నారన్న భయం, తర్వాత మాట పూర్తిగా పడిపోవడం. అప్పటికే ఒక భూతవైద్యుడు చేతుల మీద వాతలు పెట్టాడు. వార్డులో చేరిన రెండో రాత్రి డ్యూటీలో ఉన్నాను. నోరు ఏదో నములుతున్నట్టు కదులుతూనే ఉంది, పెదవులు సాగుతున్నాయి, ఒంట్లో కాస్త జ్వరం ఉంది. సైకోసిస్‌లో నోరు అలా ఆడదు. తెల్లవారేలోపు ఫిట్స్ వచ్చింది. వెన్నులో నీరు తీసి పరీక్షకు పంపాం. మెదడులోని ఎన్ఎండీఏ అనే గ్రాహకాల మీద ఆమె శరీరమే ప్రతిరక్షకాలను తయారుచేసి దాడి చేస్తోందని తేలింది. అండాశయంలో చిన్న గడ్డ కనిపించింది. దాన్ని తీసేశారు, స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చారు. కొన్ని నెలలకు ఆ అమ్మాయి తనంతట తాను నడుచుకుంటూ ఓపీకి వచ్చి, చదువు మళ్లీ మొదలుపెట్టానని చెప్పింది.

ఆ ప్రతిరక్షకాలను జోసెప్ డాల్మౌ బృందం గుర్తించింది 2007లో. ఈ అమ్మాయికి అదే జబ్బు ఇరవై ఏళ్ల ముందు వచ్చి ఉంటే ఏమయ్యేది? ఏ దీర్ఘకాలిక రోగుల వార్డులోనో మిగిలిపోయేది, లేదా ఫిట్స్‌తో చనిపోయేది. ఆ రికార్డులో జబ్బు పేరు సైకోసిస్ అనే ఉండేది. మనోవ్యాధులన్నీ ఇలాంటివే అని నేను అనను. ఇది అరుదైన జబ్బు. కానీ వార్డులో ఉన్న మిగతావాళ్ల విషయంలో మేము పెట్టిన పేరు వెనుక ఏముందో ఇంకా ఎవరూ చూడలేదని ఆ రోజు అర్థమైంది. ఆ చూసే పనిలో నేనూ ఉండాలనుకున్నాను.

ఎండీ అయ్యాక బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్లాను. పాత మైసూరు రాజ్యపు మానసిక ఆసుపత్రినీ, 1954లో పెట్టిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థనూ 1974లో కలిపి దాన్ని ఏర్పాటు చేశారు. అంటే పుట్టుకలోనే ఒక చేయి ఆసుపత్రి, ఒక చేయి పరిశోధన. ఉదయం ఓపీ ముందు నిలబడితే కన్నడం ఎంత వినిపిస్తుందో తెలుగూ అంతే వినిపిస్తుంది. హిందూపురం, మదనపల్లె, అనంతపురం, కడప నుంచి రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి దిగినవాళ్లు సంచీలు పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంటారు. పరిశోధనలో చేరినప్పుడు మా గైడు ఒకే షరతు పెట్టారు: వారంలో ఓపీ రోజులు మానకూడదు. ల్యాబ్ పని ఎంత మీద పడినా సరే. అప్పట్లో అది భారంగా అనిపించింది. ఇప్పుడు నా దగ్గర చేరేవాళ్లకు నేనూ అదే చెబుతున్నాను.

చదువు మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఎంబీబీఎస్‌లో మాకు లెక్కలు లేవు. మెదడు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాలను విడదీయడం, ప్రోగ్రామింగ్, గణాంక శాస్త్రం అన్నీ నాకంటే చిన్నవాళ్లయిన ఇంజనీర్ల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. వాళ్లు ఒక అలను చూసి దాని పౌనఃపున్యం చెప్పేవారు. నేను ఆ అల ఎవరిదో, ఆ రోజు ఆ మనిషి నిద్రపోయాడో లేదో, మందు ఏ పూట వేసుకున్నాడో చెప్పేదాన్ని. రెండూ లేకపోతే ఆ గ్రాఫుకు అర్థం లేదు.

డబ్బు గురించి కూడా చెప్పాలి. నాతో చదివినవాళ్లు జిల్లా కేంద్రాల్లో సొంత క్లినిక్‌లు పెట్టుకుని నిలదొక్కుకుంటున్న వయసులో నేను ఫెలోషిప్ మీద ఉన్నాను. ఇంటి బాధ్యతలున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. డాక్టర్లు పరిశోధనలోకి రాకపోవడానికి ఆసక్తి లేకపోవడం కారణమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. జీతం, పరిశోధనకే కేటాయించిన సమయం రెండూ లేకుండా పరిశోధన చేయమంటే ఎవరు చేస్తారు? ఈ లోటును కొంతైనా తీర్చింది కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ), బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్. దాని కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. వైద్యులకు విడిగా ఫెలోషిప్‌లు ఇస్తుంది. మన విద్యార్థుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు.

నేను ఎంచుకున్న ప్రశ్న గొంతులు వినిపించడం. స్కిజోఫ్రీనియా అనే దీర్ఘకాలిక సైకోసిస్ జబ్బులో చాలామందికి ఎదురుగా ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి. అవి ఊహలు కావు. వినేవాళ్లకు నా గొంతు ఎంత స్పష్టమో అవీ అంతే స్పష్టం. దీన్ని వివరించే ఆలోచనల్లో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఒకటుంది. మనకు మనం చక్కిలిగిలి పెట్టుకుంటే నవ్వు రాదు. చెయ్యి కదలబోతోందని మెదడు ముందే తనకు తాను కబురు పెట్టుకుని, రాబోయే స్పర్శను తగ్గించి చూపిస్తుంది. మాట్లాడేటప్పుడూ అంతే. నోరు తెరిచే ముందే "ఇది నా గొంతే" అన్న సమాచారం వినికిడి భాగానికి చేరుతుంది. ఆ సమాచారం సరిగ్గా చేరకపోతే మనిషికి తన లోపలి మాటే పరాయిదిగా వినిపించవచ్చు. అమెరికాలో జుడిత్ ఫోర్డ్, డేనియల్ మాథలాన్ దీన్ని ఈఈజీతో, అంటే తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్తును నమోదు చేసే పరీక్షతో, చూసే పద్ధతి రూపొందించారు. రోగి మైకు ముందు "ఆ" అని కొన్నిసార్లు పలుకుతాడు. తర్వాత ఆ రికార్డింగునే వింటాడు. శబ్దం మొదలైన సుమారు 100 మిల్లీసెకన్లకు మెదడులో ఒక చిన్న అల లేస్తుంది. ఆరోగ్యవంతుల్లో తాము పలికేటప్పుడు ఆ అల అణిగిపోతుంది, వినేటప్పుడు పైకి లేస్తుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో పలికేటప్పుడు అది అంతగా అణగదు.

చెప్పడానికి నాలుగు వాక్యాలు, చేయించడానికి ఒక పూట. తలకు నూనె ఉంటే ఎలక్ట్రోడ్లు సంకేతాన్ని సరిగ్గా పట్టవు. మన ఇళ్లలో ఆసుపత్రికి బయల్దేరదీసేటప్పుడు తలకు నిండుగా కొబ్బరి నూనె పెట్టి జడ వేసి పంపుతారు. అందుకే ముందు రోజే ఫోను చేసి, తలంటుకుని రమ్మనీ, నూనె పెట్టవద్దనీ చెప్పాలి. మరిచిపోయి పెట్టుకొస్తే మా దగ్గరే షాంపూ, తువ్వాలు ఉంటాయి. ఎంఆర్ఐకి ఇంకో చిక్కు. స్కానర్ గదిలోకి లోహం ఏదీ వెళ్లకూడదు. గాజులు, ముక్కుపుడక, మెట్టెలు, తాళి అన్నీ తీయాలి. తాళి తీయమంటే చాలామంది భయపడతారు, పక్కనున్న అత్తగారు ఇంకా భయపడతారు. ఒక సీనియర్ నర్సమ్మ దీనికి చక్కటి ఉపాయం చూపించారు. పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి సిద్ధంగా ఉంచేవారు. అది మెళ్లో వేశాకే తాళి తీయించి అత్తగారి చేతికి ఇచ్చేవారు. ఆ తాడు లేకపోతే మా అధ్యయనంలో వివాహితలు సగం మంది కూడా ఉండేవారు కారని నా నమ్మకం. ఇలాంటివి పద్ధతులు రాసే పేజీలో కనిపించవు. ఎవరు అధ్యయనంలోకి వస్తారో, ఎవరు రారో తేల్చేది మాత్రం ఇవే.

సమ్మతి తీసుకోవడం మీద నాకు గట్టి పట్టుదల ఉంది. పరిశోధనలో పాల్గొనడానికి రోగి స్వేచ్ఛగా, అర్థం చేసుకుని ఒప్పుకోవాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మన దగ్గర తండ్రి ముందుకు వచ్చి, "వాడికేం తెలుస్తుందమ్మా, నేను సంతకం పెడతాను ఇవ్వండి" అంటారు. పెద్దాయన మనసు నొప్పించకుండా ఆయన్ను పక్కన కూర్చోబెట్టి, పత్రం రోగికే చదివి వినిపిస్తాం. ఒకసారి అలా చదువుతుంటే ఒక అబ్బాయి మధ్యలో ఆపి, "ఈ మిషను నా మనసులో మాటలు చదువుతుందా మేడం?" అని అడిగాడు. తన ఆలోచనలను ఎవరో బయటికి లాగుతున్నారన్నదే అతని జబ్బులో ముఖ్యమైన బాధ. ఆ మనిషి తలను అయస్కాంతపు సొరంగంలో పెట్టమని అడుగుతున్నాను. మిషను మనసు చదవదని మాటతో చెప్పి ఊరుకోలేదు. వేరే ఒకరి స్కాన్ తెర మీద చూపించి, ఇందులో నీకు ఏ ఆలోచన కనిపిస్తోందో చెప్పమన్నాను. చాలాసేపు చూశాడు. "ఏమీ లేదు, కాయ కోసినట్టుంది" అన్నాడు. భయమేస్తే నొక్కడానికి రబ్బరు బుడ్డీ చేతిలో పెట్టి, ఏ క్షణాన నొక్కినా ఆపేస్తామని చెప్పాను. లోపలికి వెళ్లాక నిజంగా ఆపుతామో లేదో చూడటానికి ఒకసారి నొక్కాడు. ఆపాం. ఆ తర్వాత కదలకుండా పూర్తి చేశాడు. ఆ పూట వచ్చిన చిత్రాలంత శుభ్రంగా మా దగ్గర మరి కొన్నే ఉన్నాయి.

ఇందులో ఇంకో ధర్మసంకటం ఉంది. మందులు మెదడును మారుస్తాయి కాబట్టి, ఇంకా మందు మొదలుపెట్టని రోగులను చూస్తేనే జబ్బు ప్రభావం ఏదో, మందు ప్రభావం ఏదో తెలుస్తుంది. జబ్బు మొదలైన వెంటనే వైద్యం అందే దేశాల్లో అలాంటివాళ్లు దొరకడం కష్టం. మన దగ్గర దొరుకుతారు. ఎందుకంటే గుడులు, దర్గాలు, తాయెత్తులు అన్నీ అయ్యాక నెలలు, ఏళ్లు గడిచి మా దగ్గరికి వస్తారు. పరిశోధనకు అది అవకాశం, ఆ కుటుంబానికి అది నష్టం. మేము పెట్టుకున్న నియమం ఒకటే: స్కాన్ కోసం మందు ఆపకూడదు. యంత్రం ఖాళీగా ఉంటే వచ్చిన రోజే స్కాన్ చేస్తాం, లేకపోతే ఆ రోగిని అధ్యయనంలోంచి వదులుకుని మందు మొదలుపెడతాం. అలా వదులుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. దానికి నాకు ఏ చింతా లేదు.

ఓపీలో కూర్చోవడం వల్ల వచ్చిన ప్రశ్న ఒకటి చెబుతాను. తెలుగు రోగులు నాకు చెప్పే గొంతుల్లో చనిపోయిన నాయనమ్మ, మేనమామ, పక్కింటావిడ తరచుగా ఉంటారు. తిడతారు, ఆజ్ఞాపిస్తారు. "లేచి స్నానం చెయ్యి", "ఆ గిన్నెలు కడుగు" అనడమూ విన్నాను. పాఠ్యపుస్తకంలో చదివింది ఎక్కువగా బెదిరించే అపరిచితుల గొంతుల గురించే. నేను విన్నది నా ఓపీకే పరిమితమేమో అనుకుంటుండగా 2015లో అమెరికా మానవశాస్త్రవేత్త తాన్యా లూర్మన్ బృందం ప్రచురించిన అధ్యయనం చదివాను. కాలిఫోర్నియా, ఘనాలోని అక్రా, చెన్నై, ఒక్కో చోట 20 మంది. అమెరికన్లు హింసాత్మకమైన అపరిచిత గొంతుల గురించి ఎక్కువగా చెబితే, చెన్నైవాళ్లు బంధువుల గొంతుల గురించి, ఇంటి పనులు చెప్పే గొంతుల గురించి ఎక్కువగా చెప్పారు. చెన్నైలో ఆ పనిలో పాలుపంచుకున్నది మనోవైద్యురాలు శారదా మేనన్ స్కిజోఫ్రీనియా రోగుల కోసం 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ వైద్యులు. అంటే మెదడులో ఎక్కడో ఒక సమాచారం తప్పిపోతోందని ఈఈజీ చెప్పవచ్చు కానీ, ఆ ఖాళీలోకి ఎవరు వచ్చి మాట్లాడతారో మనిషి బతికిన ఇల్లు నిర్ణయిస్తుంది. అప్పటి నుంచి మా ప్రశ్నావళిలో ఎవరి గొంతు, ఏ భాషలో, ఏ పని గురించి అన్న వివరాలు కూడా చేర్చాం. జబ్బును ఒట్టి మెదడు జబ్బు అనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది, మెదడుతో పనే లేదనేవాళ్లతోనూ పేచీ ఉంది.

తర్వాత చికిత్స ప్రయోగాల్లోకి వచ్చాను. టీడీసీఎస్ అనే పద్ధతిలో తల మీద రెండు తడి స్పాంజీల గుండా చాలా చిన్న విద్యుత్తు పంపుతారు. 2012లో ఫ్రాన్స్‌లో జెరోమ్ బ్రూనెలిన్ బృందం 30 మందిపై దీన్ని ప్రయత్నించి, మందులకు లొంగని గొంతులు తగ్గాయని ప్రకటించింది. 2 మిల్లీయాంపియర్లు, 20 నిమిషాలు, రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు. తర్వాత వచ్చిన ప్రయోగాల్లో కొన్నింటిలో ప్రభావం కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు. నిమ్హాన్స్‌లో ఈ పద్ధతి మీద ఏళ్లుగా పని జరుగుతోంది. అక్కడి స్కిజోఫ్రీనియా పరిశోధకులు గణేశన్ వెంకటసుబ్రమణియన్‌కు 2018లో వైద్య శాస్త్రాల విభాగంలో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. మనోవైద్యుడికి ఆ పురస్కారం రావడం మాలాంటివాళ్లకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

చూడటానికి ఆ పని చాలా మామూలుగా ఉంటుంది. దర్జీ టేపు తీసుకుని ముక్కు మొదలు నుంచి తల వెనుక ఎముక వరకు, ఒక చెవి నుంచి ఇంకో చెవి వరకు కొలిచి, శాతాలు లెక్కగట్టి పెన్సిల్‌తో గుర్తులు పెడతాం. ఒక స్పాంజీ ఎడమ నుదుటి పైభాగాన, ఇంకొకటి ఎడమ చెవికి కాస్త పైన, వెనకగా. స్పాంజీలను సెలైన్‌లో తడపాలి, మరీ కారేంత తడపకూడదు. కారితే విద్యుత్తు తల మీద పక్కదారి పడుతుంది. మీట తిప్పగానే చర్మం చురుక్కుమంటుంది, కొద్దిసేపటికి అలవాటవుతుంది. పోల్చి చూడటం కోసం సగం మందికి ఉత్తుత్తి చికిత్స ఇస్తాం. వాళ్లకూ మొదట్లో చురుక్కుమంటుంది, తర్వాత విద్యుత్తు ఆగిపోతుంది. ఎవరికి ఏది ఇచ్చామో రోగికీ తెలియదు, లక్షణాలను కొలిచే నాకూ తెలియదు.

ఒక నడివయసు టీచరుగారికి ఏళ్ల తరబడి చనిపోయిన అన్నగారి గొంతు వినిపించేది. ఐదు రోజులయ్యాక గొంతు బాగా తగ్గిందని, రాత్రి నిద్ర పట్టిందని చెప్పారు. కొలతల్లోనూ తగ్గింది. ప్రయోగం ముగిసి, ఎవరికి ఏది ఇచ్చామో దాచిన కోడ్లు విప్పి చూస్తే ఆయన ఉత్తుత్తి చికిత్స వరుసలో ఉన్నారు. ఇలా అవుతుందని పుస్తకంలో చదివి ఉన్నా, తెలిసిన మనిషి విషయంలో చూసినప్పుడు వేరుగా ఉంటుంది. అయితే ఆయన ఉపశమనం అబద్ధమా? కాదు. ఐదు రోజులు రోజుకు రెండుసార్లు ఒకరు తన తలను జాగ్రత్తగా కొలిచి, గొంతు గురించి వెక్కిరించకుండా అడిగి, పక్కన కూర్చున్నారు. దానికి మెదడు స్పందించింది. పోల్చి చూడకపోతే ఆ ఫలితాన్ని మేము విద్యుత్తు ఖాతాలో వేసి ఉండేవాళ్లం. ఆయనకు ఉన్నది ఉన్నట్టే చెప్పాం. ముందే ఒప్పుకున్నట్టు అసలు చికిత్స కావాలా అని అడిగాం. "ఇప్పుడు బాగానే ఉందమ్మా, మళ్లీ పెరిగితే వస్తాను" అన్నారు. సగటులు రాసే ప్రతిసారీ ఆయన గుర్తుకొస్తారు. సగటు నిజమే, కానీ అందులో ఉన్న ఏ ఒక్క మనిషికీ అది పూర్తిగా సరిపోదు.

జన్యువుల వైపు నేను స్వయంగా చేసిన పని తక్కువ. 2022లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం 76,755 మంది స్కిజోఫ్రీనియా రోగుల జన్యువులను పరిశీలించి, జబ్బుతో సంబంధం ఉన్న 287 స్థానాలను గుర్తించింది. ఒక్కోదాని ప్రభావం చాలా స్వల్పం. ఆ నమూనాల్లో అత్యధికులు ఐరోపా, తూర్పు ఆసియా మూలాలవాళ్లు. మనవాళ్ల సంఖ్య పెరగకపోతే రేపు వచ్చే పరీక్షలు, మందులు మనకు ఎంతవరకు వర్తిస్తాయో ఎవరూ చెప్పలేరు. అందుకే నిమ్హాన్స్, బెంగళూరులోనే ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థలు ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ కలిసి 2016లో మొదలుపెట్టిన పనిని నేను ముఖ్యమైనదిగా చూస్తాను. ఒకరికంటే ఎక్కువమందికి జబ్బున్న కుటుంబాల నుంచి రక్తం సేకరించి, ఆ కణాలను మూలకణాలుగా (వేరే రకం కణాలుగా మారగలిగేవి), తర్వాత నాడీకణాలుగా మార్చి చూస్తున్నారు. చనిపోయినవాళ్ల మెదళ్లను పరిశోధన కోసం భద్రపరిచే భాండాగారం కూడా 1995 నుంచి నిమ్హాన్స్‌లో ఉంది. కుటుంబాలు నన్ను అడిగేది మాత్రం వేరు: "మేనరికం వల్లే వచ్చిందా?", "తమ్ముడికి పెళ్లి చేయవచ్చా?" మేనరికం ఒక్కటే కారణమనడానికి ఆధారం లేదని చెబుతాను. తల్లిదండ్రుల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం పదింట ఒకటికి దగ్గరగా ఉంటుందనీ, అంటే ఎక్కువమందికి రాదనీ చెబుతాను. ఆ మాట విన్నాక కొందరు తల్లులు ఏడుస్తారు. ఏళ్లుగా మోసిన నింద కాస్త దిగినందుకు.

కోపం తెప్పించే విషయం ఒకటి రాయకపోతే ఇది పూర్తి కాదు. రంగురంగుల మెదడు బొమ్మలున్న ఫైళ్లు పట్టుకుని కుటుంబాలు వస్తాయి. ఎక్కడో "బ్రెయిన్ మ్యాపింగ్" చేయించి, మెదడులో ఎర్రగా ఉన్న చోటే జబ్బు ఉందని చెప్పించుకుని, పొలం మీద అప్పు తెచ్చి డబ్బు కట్టినవాళ్లు. స్కిజోఫ్రీనియానో, డిప్రెషన్‌నో నిర్ధారించే స్కాన్ గానీ, రక్తపరీక్ష గానీ ఇవాళ్టికి లేదు. స్కాన్ తీయడం వేరే జబ్బు లేదని చూసుకోవడానికే. మేము పరిశోధనలో చూసే తేడాలు వందల మంది సగటులో కనిపించేవి. ఒక్కరి బొమ్మ చూసి జబ్బు చెప్పడానికి పనికిరావు. మా రంగం చూపిన ఆశనే సరుకుగా అమ్ముతున్నారు కాబట్టి, కాదని చెప్పాల్సిన బాధ్యత మా మీదే ఎక్కువ. నేను ఊళ్లలో మాట్లాడే ప్రతి సభలో ఈ మాట చెబుతున్నాను.

ఇక అడిగిన విద్యార్థులకు. ఎంబీబీఎస్‌లో ఉండగానే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇచ్చే స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్‌కు దరఖాస్తు చేయండి. రెండు నెలల చిన్న పరిశోధనే అయినా ఒక ప్రశ్నను మొదటి నుంచి చివరిదాకా నడపడం ఎలాగో తెలుస్తుంది. గణాంకాలు ఇప్పుడే నేర్చుకోండి, థీసిస్ సమయానికి డబ్బిచ్చి చేయించుకోవద్దు. సైకియాట్రీ ఓపీలో కేసు షీటు రోగి మాటల్లోనే, తెలుగులోనే రాసుకోండి. "హాలూసినేషన్స్ ఉన్నాయి" అని రాస్తే అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. "మేనమామ బావి దగ్గర నుంచి పిలుస్తున్నాడు" అని రాస్తే దాని వెంట పది ప్రశ్నలు వస్తాయి. ఇంట్లోవాళ్లకు జీతం సంగతి దాచకుండా చెప్పండి. మంచి గైడు దొరికితే ఊరు మారడానికి వెనకాడవద్దు.

ఇప్పుడు మేము చూస్తున్నది జబ్బు మొదలైన తొలి నెలల్లో ఉన్నవాళ్లను. రాయలసీమ జిల్లాల నుంచి వచ్చే యువకులు, యువతులు ఇందులో ఎక్కువ. "ఆ" అని పలికించే పరీక్షను మందు మొదలుపెట్టే ముందు, ఆరు వారాల తర్వాత, ఏడాది తర్వాత చేస్తున్నాం. అణగని ఆ అల తర్వాత అణుగుతుందా, అణిగినవాళ్లకు గొంతులు తగ్గుతాయా అన్నది తెలియాలి. ఫలితం చెప్పడానికి ఇంకా సమయం పడుతుంది. వైద్యం మాత్రం ఆ ఫలితం కోసం ఆగనక్కరలేదు. ఇంట్లో పిల్లవాడు నిద్ర మానేసి తనలో తాను మాట్లాడుకుంటున్నా, ఎవరో తన గురించి చెప్పుకుంటున్నారని తలుపులు వేసుకుంటున్నా నెలల తరబడి ఎదురుచూడవద్దు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు, దగ్గర్లో ఎవరిని కలవాలో చెబుతారు.